ముక్కు మూసుకునే స్టెప్పు

కొత్త చొక్కాలు తెచ్చి వాటికి అతుకులు వెయ్యమని అడిగిన మనిషిని నేను అంతవరకు చూడలేదు.

నేను బట్టలు సరిచేసే కొట్లో పనిచేస్తాను. పొడుగు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, జిప్పు మార్చడం, చిరుగు కనపడకుండా కుట్టడం నా పని. అలాంటిది మా అమ్మాయి డాన్స్ టీచరు సంచీ నిండా మడత విప్పని చొక్కాలు తెచ్చి, నా మిషను పక్కన పెట్టి, "వీటిని అక్కడక్కడా చింపి అతుకులు వెయ్యాలండీ. అతుకు వేరే రంగుదైతే స్టేజీ మీద బాగా తెలుస్తుంది" అంది.

"ఎవరికండీ ఈ వేషం?" అన్నాను.

"పారిశుద్ధ్య కార్మికులకి! ఈ ఏడాది మన థీమ్ వాళ్ళే. 'మన వీధి వీరులు' అని పేరు పెట్టాను. పిల్లలకి చిన్నప్పుడే వాళ్ళంటే గౌరవం కలగాలి కదండీ" అంది, మొహం వెలిగిపోతూ.

నా కాలు మిషను మీద ఆగిపోయింది. మా ఆయన చేసేది ఆ పనే. వీధుల్లో డ్రైనేజీ పూడుకుపోతే మూత తీసి, నడుముకి తాడు కట్టుకుని లోపలికి దిగుతాడు. ఆయన చొక్కాకి ఇన్నేళ్ళలో ఒక్క అతుకు లేదు. కుట్టుపని చేసే పెళ్ళాం ఇంట్లో ఉండగా అతుకు కనపడితే పోయేది నా పరువు, ఆయనది కాదు.

ఈ సంగతి టీచరుకి తెలియదు. మేము తెలియనిస్తే కదా! నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా మా పిల్ల "మునిసిపాలిటీలో" అంటుంది. అబద్ధం కాదు. విన్నవాళ్ళు కుర్చీ, ఫ్యాను, ఫైళ్ళు ఊహించుకుంటే అది వాళ్ళ ఇష్టం. ఆ జవాబు దానికి నేర్పింది నేనే. లోకం నోరు ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

మా పిల్లని ఇంటాబయటా పిచ్చుక అంటారు. కాలు ఒక చోట నిలవదు. టైర్ల కొట్టు పైన మేడలో ఈ డాన్స్ క్లాసు పెట్టినప్పుడు, కింద నిలబడి పాట విని మెట్ల మీదే గంతులు వేసింది. టీచరు కిందికి దిగి వచ్చి, దాని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. ఎవరి పిల్ల, ఎక్కడి పిల్ల అని ఒక్క మాట అడగలేదు. ఎవరి కాలికైనా దెబ్బ తగిలితే ఒళ్ళో పెట్టుకుని కట్టు కట్టే మనిషి ఆమె. చెడ్డ మనిషైతే నాకింత బాధ లేకపోను. నాలుగు దులిపేసి పిల్లని మాన్పించేదాన్ని. నా నోటి సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

పళ్ళు కొరుక్కుంటూనే అతుకులు వేశాను. చొక్కాలు ఇవ్వడానికి క్లాసుకి వెళ్ళేసరికి లోపల ప్రాక్టీసు జరుగుతోంది. తలుపు దగ్గర నిలబడ్డాను.

పాట మొదట్లో వీధి నిద్రలేస్తుంది. పాలవాడు, బడిపిల్లలు, ఆఫీసుకి పోయేవాళ్ళు. ఇంతలో దడదడమని డ్రమ్ము మోగుతుంది. పళ్ళ డాక్టరుగారి అమ్మాయి ముందూ, ఇంకొందరు వెనకా చీపుర్లు పట్టుకుని, నడుము వంచి, కుంటుకుంటూ వస్తారు. కుంటడం ఎందుకో ఆ డ్రమ్ము వాయించినవాడికే తెలియాలి. ఆ మోత వినపడగానే వీధి జనమంతా చటుక్కున ముక్కు మూసుకుని, మొహం పక్కకి తిప్పి, వెనక్కి వంగుతారు. స్పీకర్లోంచి ఎవరిదో గొంతు "ఛీ" అంటుంది. పాట చివరికి వచ్చేసరికి అందరికీ బుద్ధి వచ్చి సెల్యూట్ కొడతారు.

ఆ వీధి జనంలో, ముందు వరస నడిమధ్యన మా పిచ్చుక ఉంది. అందరికన్నా ముందు లేచిన చెయ్యి దానిదే. ముక్కు మూసుకోవడంలో కూడా ఇంత ఒడుపు ఉంటుందని నాకు తెలియదు. మణికట్టు మెలి తిరిగి, వేళ్ళు ముక్కు మీద వాలి, మెడ ఒక్క విసురున పక్కకి తిరిగింది.

"పిచ్చుక చెయ్యి చూడండర్రా!" అని అరిచింది టీచరు. "మీరింకా ఆలోచిస్తున్నారు. బుర్రతో కాదు, చెవితో ఆడాలి. డ్రమ్ము వినిపిస్తే చెయ్యి పోవాలి. మళ్ళీ!"

మళ్ళీ డ్రమ్ము. మళ్ళీ ముక్కులు. ఈసారి మెడ తిప్పినప్పుడు మా పిల్లకి తలుపు దగ్గర నేను కనపడ్డాను. దాని చెయ్యి ముక్కు మీదే ఉండిపోయింది. 

ఇద్దరం ఇంటికి బయల్దేరాం. టైర్ల కొట్టు దాటగానే అడిగాను.

"ఎప్పట్నించి ఈ స్టెప్పు?"

"మొదట్నించీ."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే మాన్పిస్తావు." నా కొంగు పట్టుకుని, "అమ్మా, నాన్నని రావద్దని చెప్పవా? సీట్లు అయిపోయాయని చెప్పు" అంది.

"పొద్దున డ్యూటీ మార్చుకుని మరీ వస్తున్నాడు కదే."

"అయితే నాకు జ్వరం వచ్చిందని చెప్దాం."

"జ్వరమొస్తే నువ్వెలా ఆడతావే, పిచ్చి మొహమా?"

దాంతో అది నడిరోడ్డు మీద ఏడుపు మొదలుపెట్టింది. "నేను వెనక వరసలోకి పోతానని అడిగానమ్మా. టీచరు పోనివ్వలేదు. నాకే బాగా వస్తుందంట."

రోడ్డు పక్కకి తీసుకెళ్ళి దాని మొహం తుడిచాను. దానికి డాన్స్ కావాలి, నాన్న కావాలి. రెండిట్లో ఏదో ఒకటి వదులుకోమని ఆ వయసు పిల్లకి ఎవరు చెప్తారు? నాకు మాత్రం ఆ నిమిషాన ఒక్కటే అనిపించింది. ఏం జరిగినా సరే, ఆయన కంట ఆ స్టెప్పు పడకూడదు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన అద్దం ముందు నిలబడి కొత్త క్రాఫు చూసుకుంటున్నాడు.

"ఏమే, మన మీద డాన్సంట కదా! టైర్ల కొట్టు గోడకి పోస్టరు చూశాను, వీధి జనం మాకు సెల్యూట్ కొడుతున్న బొమ్మ ఉంది. నాతో పనిచేసే మా గ్యాంగులో అందరికీ చెప్పేశాను" అన్నాడు. "ఇంతకీ మన పిల్లది ఏ వేషం?"

"వీధి జనం" అన్నాను, కూరగాయల బుట్ట వెతుకుతున్నట్టు వంగి.

"అయితే చివర్లో మాకు సెల్యూట్ కొట్టేది మన పిచ్చుకేనన్నమాట. అబ్బో!" అని దాని జుట్టు చెరిపాడు. పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా లోపలికి పోయింది. ఆయన మాత్రం సంతోషంతో సబ్బుపెట్టె మూత కోసం ఇల్లంతా వెతికాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే, పిల్లలు రాకముందు, టీచరు దగ్గరికి వెళ్ళాను. ఆమె చాపలు పరుస్తోంది. కూర్చోమంది. కూర్చోలేదు.

"ఆ ముక్కు మూసుకునే స్టెప్పు తీసెయ్యండి టీచర్ గారూ."

ఆమె నవ్వింది. "చివర్లో సెల్యూట్ ఉంది కదండీ. మొదట అసహ్యం చూపిస్తేనే కదా చివర మార్పు తెలిసేది."

"మీ మార్పు వచ్చేదాకా మా ఆయన కుర్చీలో కూర్చోవాలి కదండీ. కూతురు ముక్కు మూసుకుంటుంటే చూస్తూ కూర్చోవాలి."

ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మునిసిపాలిటీ అంటే..." అని ఆగిపోయింది. చాప మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో, ఒక్క మాట ముందే చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే? మా పిల్ల క్లాసులో లేకపోతే ఆ స్టెప్పు ఉంచేసేవారా?"

ఆమె చాప అంచు మడుస్తూ తల దించుకుంది. నేనూ ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అరికాలి మంట నెత్తికెక్కినప్పుడు నాలుక నా చేతుల్లో ఉండదు.

చెప్పొద్దూ, ఆమె నా మాట మన్నించింది. ఆ సాయంత్రమే స్టెప్పు తీసేసింది. కుంటడం తీసేసింది. డ్రమ్ము ఉన్న ముక్క మొత్తం కత్తిరించి, అక్కడ వేణువు పెట్టించింది. ఇప్పుడు వీధి జనం ముక్కు మూసుకోరు, మంచినీళ్ళ గ్లాసు అందిస్తారు. చొక్కాలన్నీ మళ్ళీ నా దగ్గరికే వచ్చాయి. వేసిన చేతులతోనే అతుకులు విప్పాను. విప్పుతుంటే పాట కూడా పాడుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మంచివాళ్ళతో వచ్చే చిక్కే అది. వాళ్ళు ఆగరు.

పిల్లలందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, పిచ్చుక వాళ్ళ నాన్న ఎంత గొప్ప పని చేస్తాడో చెప్పిందట. అందరి చేతా చప్పట్లు కొట్టించిందట. ఆ రోజు పిల్ల ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది.

"ఎవరైనా ఏమైనా అన్నారా?" అన్నాను. ఎవరన్నారో చెప్తే ఇప్పుడే వెళ్ళి వాళ్ళ పని పట్టేలా ఉన్నాను.

"ఎవరూ ఏమీ అనలేదు. అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారమ్మా. జబ్బు మనిషితో మాట్లాడినట్టు." గోడ వైపే చూస్తూ అంది. "నువ్వెందుకు చెప్పావు? ఆ స్టెప్పు చేసినప్పుడు నేనూ వాళ్ళలాగే ఉండేదాన్ని."

నేను వంగి దాని బూట్లు విప్పాను. నేను మూసిన మూత ఒకటి, తెరుచుకున్నది ఇంకొకటి.

ఆ మర్నాడు టీచరు ఏకంగా ఆయనకే ఫోన్ చేసింది. డాన్స్ అయ్యాక స్టేజీ మీదికి పిలిచి పూలగుత్తి ఇస్తామంది. నేను వద్దని ఫోన్ లాక్కోబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "వస్తానండీ, తప్పకుండా వస్తానండీ, అయ్యో అంత మాటా" అంటున్నాడు. ఆ మొహం చూశాక నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. ఆయన్ని ఎవరైనా మూత తీసి లోపలికి దిగమనడమే గానీ, మెట్లెక్కి పైకి రమ్మని పిలవడం నేను ఎరగను.

తర్వాత నేను ఫోన్ చేసి టీచరుని కడిగేశాను. అంతా విని, "దాచిపెడితే మనం కూడా సిగ్గుపడుతున్నట్టే కదండీ?" అంది. ఆ మాట నిజమే. నిజం కాబట్టే ఒళ్ళు మండింది. పూలగుత్తి పిచ్చుక చేత ఇప్పించాలని ఆమె సరదా. పిల్ల కాళ్ళావేళ్ళా పడి, తను అందరితో పాటు వరసలోనే నిలబడతానంది. అందుకు మాత్రం ఆమె ఒప్పుకుంది. పూలగుత్తి పళ్ళ డాక్టరుగారి అమ్మాయి ఇస్తుందని తేల్చారు. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

ప్రోగ్రాం రోజు స్కూలు హాలు కిటకిటలాడుతోంది. ఆయన ఇస్త్రీ మడత నలగకుండా కుర్చీ చివర కూర్చున్నాడు. ఒళ్ళంతా సబ్బు వాసన. ఆయన గ్యాంగు నుంచి వచ్చినవాళ్ళు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. పక్కన రెండు మూడు కుర్చీలు మిగిలి ఉన్నా కూర్చోలేదు.

డాన్స్ చక్కగా జరిగింది. వేణువు మోగింది, మంచినీళ్ళు ఇచ్చారు, సెల్యూట్ కొట్టారు. పిచ్చుక సెల్యూట్ కొట్టినప్పుడు కళ్ళు సూటిగా నాన్న మీదే పెట్టింది. ఆయన తిరిగి సెల్యూట్ కొట్టబోయి, పక్కవాళ్ళు చూస్తారని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. ఇక భయం లేదనుకున్నాను.

టీచరు మైకు తీసుకుంది. వీధి జనం వేషం వేసిన పిల్లలు స్టేజీ మీద అటో వరస, ఇటో వరస నిలబడ్డారు. మధ్యలో దారి. ఆ దారి చివర చీపుర్ల పిల్లలు, వాళ్ళ ముందు పూలగుత్తితో డాక్టరుగారి అమ్మాయి. "ఇప్పుడు మన అసలైన వీరుణ్ణి స్టేజీ మీదికి ఆహ్వానిస్తున్నాం" అంది టీచరు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక గోడ దగ్గర ఎవరో ఈల వేశారు. ఆయన తడబడుతూ లేచి మెట్లెక్కాడు.

నడిచి వస్తుంటే వెనక ఏదో ఒక మ్యూజిక్ ఉండాలి కదా అని, సౌండు చూసే అతను పాట పెట్టాడు. అతని దగ్గర పాత పాట కూడా ఉంది. మోత గట్టిగా ఉంటే ఊపుగా ఉంటుందనుకున్నాడో ఏమో, అది పెట్టాడు. ఆయన మొదటి అడుగు వరసల మధ్యలో వేశాడు. దడదడమని డ్రమ్ము మోగింది.

పిల్లల తప్పు ఏమీ లేదు. వారాల తరబడి వాళ్ళ చెవులకి నేర్పింది అదే. డ్రమ్ము వినపడింది, చేతులు పోయాయి. అటు వరసా ఇటు వరసా, అందరూ ఒక్కసారిగా ముక్కులు మూసుకుని, మొహాలు తిప్పి, ఆయనకి దారిచ్చి వెనక్కి వంగారు. స్పీకరు "ఛీ" అంది. అన్నిటికన్నా ముందు లేచిన చెయ్యి మా పిచ్చుకదే. ఆయన సరిగ్గా దాని ముందు ఉన్నాడు.

 పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఏం చేసిందో దానికి అప్పుడు తెలిసింది, కానీ చెయ్యి కిందికి రావడం లేదు. నేను లేచి నిలబడ్డాను.

ఆయన ఆగాడు. పిల్ల మొహంలోకి చూశాడు. తర్వాత తన చెయ్యి ఎత్తి తన ముక్కు తనే మూసుకున్నాడు. అచ్చం వాళ్ళలాగే మెడ పక్కకి తిప్పి, వెనక్కి వంగి, హాలు వైపు తిరిగి నవ్వాడు.

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఇది కూడా డాన్స్‌లో ముక్కే అనుకున్నారు. చప్పట్లు మోగిపోయాయి. సౌండు అతను అప్పటికి పాట ఆపాడు. ఆయన అలాగే నవ్వుతూ వెళ్ళి పూలగుత్తి అందుకుని, డాక్టరుగారి అమ్మాయి తల నిమిరి, దిగి వచ్చాడు. వెనక గోడ దగ్గరవాళ్ళు మాత్రం నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, మమ్మల్ని కలవకుండానే వెళ్ళిపోయారు.

తెర వెనక టీచరు వెక్కి వెక్కి ఏడుస్తూ ఆయన చేతులు పట్టుకుంది. ఆయన కంగారుపడి, "ఏమైందండీ ఇప్పుడు? పిల్లలు భలే చేశారు" అని ఆమెనే ఓదార్చాడు. ఆమెని తిట్టడానికి నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. ఆయన ఓదారుస్తుంటే వాటిని మింగేశాను. పిల్లని తీసుకుని బయటపడ్డాం.

బస్‌స్టాపు దాకా నడక. పూలగుత్తి ఆయన చంకలో ఉంది. పిల్ల చెంపల మీద పౌడరు చారలు కట్టింది. నా వైపు చూడకుండా ఆయన చొక్కా అంచు పట్టుకుని నడుస్తోంది.

"నాన్నా, నేను కావాలని చెయ్యలేదు. చెయ్యి దానంతటదే లేచింది."

"తెలుసురా తల్లీ. డ్రమ్ము మోగింది కదా."

"నిజంగా నాన్నా. ఒట్టు."

"ఒట్లెందుకు? నా కూతురి సంగతి నాకు తెలియదూ?"

స్టాపులో ఎవరూ లేరు. ఆయన పూలగుత్తి బెంచీ మీద పెట్టి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. బస్సు జాడ లేదు. పిల్లకి ఇంకా ఏదో తెగలేదు. ఆయన చెయ్యి లాగింది.

"మరి నువ్వెందుకు ముక్కు మూసుకున్నావు నాన్నా? నీకా స్టెప్పు ఎవరూ నేర్పలేదు కదా."

 ఆయన నవ్వబోయి మానేశాడు.

"అందరూ మూసుకున్నారు కదమ్మా" అన్నాడు. "నేనొక్కణ్ణే ఊరికే నిలబడితే, మీరంతా మూసుకుంది నన్ను చూసేనని తెలిసిపోదూ?"